కేటో తోటలో మూడు రకాలు

మొన్న ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి దగ్గరలోనున్న ఒక పెద్ద కూరగాయల అంగడికి వెళ్ళాను. అక్కడ ఒకే అరలో మూడు రకాల క్యాబేజీలు పేర్చి ఉన్నాయి. చిన్ననాటి నుండి మనమెరిగిన లేతాకుపచ్చ గడ్డ మొదటిది. వంకాయ రంగులో నిగనిగలాడుతున్న ఎర్ర క్యాబేజీ రెండవది. పొడవుగా, తెల్లని ఈనెలతో, సగం పాలకూరలాగా సగం క్యాబేజీలాగా కనిపించే చైనా క్యాబేజీ మూడవది. వాటి ముందు నిలబడి తటపటాయిస్తున్న ఒక పెద్దావిడ నా వంక తిరిగి, "వీటిలో ఒంటికి ఏది మంచిదంటావు బాబూ?" అని అడిగారు. "రంగున్నది మంచిదంటారమ్మా" అని అప్పటికి తోచిన మాటేదో చెప్పాను. ఆవిడ ఎర్రదానిని చేతిలోకి తీసుకొని, ధర చూసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేసి పచ్చదానినే సంచిలో వేసుకున్నారు. వెళుతూ వెళుతూ, "మంచివన్నీ మనకెక్కడ అందుతాయిలే" అన్నారు.

ఆ మాట నన్ను చాలాసేపు వదలలేదు. నేను చెప్పినది సగం నిజమో, పూర్తి అబద్ధమో తెలియకుండానే ఒక మనిషిని తక్కువది కొన్నానన్న అసంతృప్తితో ఇంటికి పంపించాను. ఆ అపరాధభావమే ఈ వ్యాసానికి కారణం. తీరా పుస్తకాలు తిరగవేస్తే ఆవిడ అడిగిన ప్రశ్నకు రెండు వేల యేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నదని తేలింది.

రోము నగరంలో మార్కస్ పోర్షియస్ కేటో అనే రాజనీతిజ్ఞుడు ఉండేవాడు. క్రీ.పూ. 234లో పుట్టి 149లో పోయాడు. కార్తేజి నగరాన్ని నేలమట్టం చేయవలసిందేనని సెనేటులో పట్టుబట్టిన కేటో ఇతడే. క్రీ.పూ. 160 ప్రాంతంలో ఇతడు వ్యవసాయం మీద రాసిన పుస్తకం, లాటిను వచనంలో పూర్తిగా మనకు దక్కిన గ్రంథాలలో మొట్టమొదటిది. నూనె గానుగ ఎలా కట్టాలి, ద్రాక్షతోటకు ఎందరు పనివాళ్ళు కావాలి వంటి విషయాలతో నిండిన పొడి పుస్తకమది. ముసలి బానిసను, జబ్బుపడిన బానిసను అమ్మివేయమని నిస్సంకోచంగా సలహా చెప్పే పుస్తకం కూడా. అటువంటి కఠినుడు చివరి భాగానికి వచ్చేసరికి, ఒక ఆకుకూర దగ్గర ఆగి, పరవశించిపోయి రెండు ప్రకరణాలు రాశాడు. ఆ కూర క్యాబేజీ.

కూరలన్నింటిలోనూ దీనిని మించినది లేదని కేటో సిద్ధాంతం. పచ్చిగా తినేవారు వెనిగరులో ముంచి తినాలట. విందులో ఎక్కువగా తాగదలచినవారు భోజనానికి ముందు కావలసినంత పచ్చి క్యాబేజీ తిని, తరువాత మరో అయిదారు ఆకులు నమిలితే, ఏమీ తినని తాగనివారిలా తేలికగా ఉంటారట. పుండ్లకు, వాపులకు, బెణుకులకు ఆకు నూరి కట్టాలట. క్యాబేజీ తినేవారి మూత్రాన్ని కూడా భద్రపరచి, పసిపిల్లలకు దానితో స్నానం చేయించమంటాడు! ఇక్కడ నవ్వుకోవడం సులభమే. కాని మన ప్రస్తుతాంశానికి కావలసినది ఆ తరువాతి భాగం. క్యాబేజీలన్నీ ఒకటి కావని, వాటి గుణాలలో తారతమ్యం ఉన్నదని చెప్పి, కేటో మూడు రకాలను పోల్చాడు. వెడల్పైన ఆకులతో, లావైన కాడతో నున్నగా ఉండేది ఒకటి. అది దృఢమైనది. ఆకు ముడుతలు పడి ఉండేది రెండవది. చికిత్సకు అది మొదటిదానికంటె మేలు. సన్నని కాడతో, లేతగా, చిన్నగా ఉండి, అన్నింటికంటె ఘాటైనది మూడవది. మందుగా దీనికి సాటి రాగలది లేదు.

కేటోకు ముందే గ్రీకు వృక్షశాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ కూడా ముడుతల ఆకుది, నున్నని ఆకుది, అడవిది అని మూడు రకాలు చెప్పాడు. కాని అతడిది వర్ణన. ఏది ఒంటికి ఎక్కువ మేలు అన్న దృష్టితో తూకం వేసినవాడు కేటో. అతడి తూకపురాయి ఘాటు. నాలుకను ఎక్కువగా కొరికేది ఎక్కువగా పనిచేస్తుందని అతడి నమ్మకం. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్ళీ దీని దగ్గరకు రావలసి ఉంటుంది.

కేటో ఎరిగిన క్యాబేజీలలో ఏదీ మన గడ్డ వంటిది కాదన్న విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అవన్నీ విడివిడి ఆకులతో నిలువుగా పెరిగే మొక్కలు. ఆకులు ఒకదానిలో ఒకటి ముడుచుకొని గట్టి బంతిగా మారే రకాలు స్థిరపడినది మధ్యయుగాల ఐరోపాలోనే. ఎర్రనిది, సవాయ్ సీమ పేరుతో పిలిచే ముడుతల గడ్డ, ఇవన్నీ ఆ సంతానమే. విచిత్రమేమంటే కాలీఫ్లవరు, బ్రోకలీ, నూల్‌కోలు కూడా ఈ జాతిలోనివే. రైతు ఒకచోట ఆకును, ఒకచోట మొగ్గను, మరొకచోట కాండాన్ని ఏరి ఏరి పెంచడం వలన ఒకే మొక్క ఇన్ని రూపాలు ధరించింది.

కేటోకు క్యాబేజీ మీద ఇంత మక్కువ ఎందుకు? రుచి ఒక్కటే కారణం కాదు. క్రీ.పూ. 219లో ఆర్కగాథస్ అనే గ్రీకు వైద్యుడు రోముకు వచ్చాడు. ప్రభుత్వం అతడికి పౌరసత్వమిచ్చి, ప్రజాధనంతో వైద్యశాల కూడా కొనిచ్చింది. కొన్నాళ్ళకే అతడు కోయడంలో, కాల్చడంలో చూపిన ఉత్సాహానికి జనం హడలిపోయి తలారి అని పేరు పెట్టారని ప్లినీ రాశాడు. గ్రీకులందరూ కలిసి మందుల పేరిట రోమనులను చంపడానికి కుట్ర పన్నారని, పైగా అందుకు రుసుము కూడా పుచ్చుకుంటున్నారని కేటో తన కుమారుడికి రాసిన మాటలను కూడా ప్లినీయే మనకు అందించాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. పెరటిచెట్టు తప్ప మరేదీ వైద్యానికి పనికిరాదని కేటో వాదన. అతడి క్యాబేజీ స్తోత్రంలో ఆహారశాస్త్రం కొంత, రాజకీయం కొంత. తన ఇంటిల్లిపాదికీ తానే వైద్యం చేసుకున్న కేటో సుమారు ఎనభై అయిదేళ్ళు జీవించాడు. అయితే అతడి భార్య, కుమారుడు అతడి కళ్ళముందే పోయారని ప్లూటార్కు కొంచెం ఎత్తిపొడుపుగా గుర్తు చేస్తాడు.

ఇక పదిహేను శతాబ్దాలకు పైగా ఒక్క గంతులో దాటవచ్చు. ఆ మధ్యకాలంలో ఐరోపా పేదలు చలికాలమంతా క్యాబేజీ తిని బ్రతికారు గాని, అది ఎందుకు మంచిదన్న ప్రశ్నకు కేటో చెప్పినదానికి మించి చేర్చినది స్వల్పం. ప్రశ్న మళ్ళీ ప్రాణం పోసుకున్నది సముద్రం మీద.

1740లో ఆన్సన్ అనే ఆంగ్ల నౌకాధిపతి సుమారు 1,900 మందితో భూప్రదక్షిణకు బయలుదేరాడు. నాలుగేళ్ళ తరువాత యాత్ర ముగిసేసరికి వారిలో 1,300 మందికి పైగా చనిపోయారు. శత్రువుల చేతిలో పోయినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. తక్కినవారిలో అధికసంఖ్యాకులను పొట్టనబెట్టుకున్నది స్కర్వీ. చిగుళ్ళు కుళ్ళి, పళ్ళు రాలి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ విచ్చుకొని మనిషి కూలిపోయే జబ్బు అది. 1747 మే నెలలో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు పన్నెండు మంది రోగులను రెండేసి మంది చొప్పున ఆరు జంటలుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట వారంలోపల లేచి తిరిగింది. దీనిని 1753లో గ్రంథంగా ప్రకటించాడు. కాని పళ్ళు నిలవ ఉండవు కదా అని, ఆ రసాన్ని సన్నని సెగమీద మరిగించి పాకం పట్టమని సలహా ఇచ్చాడు. మందు ఆ మరుగులోనే ఎగిరిపోయింది. ఆ సంగతి అతడికి తెలిసే అవకాశం లేదు.

పళ్ళు నిలవ ఉండవు గాని క్యాబేజీ ఉంటుంది. సన్నగా తరిగి, ఉప్పు కలిపి, పీపాలో గట్టిగా అదిమి పెడితే దానిలో నీరు ఊరి, తనంతట తానే పులిసి నెలల తరబడి చెడదు. జర్మనులు దీనిని సౌర్‌క్రౌట్ అంటారు. పుల్లకూర అని అర్థం. ఊరవేయడం తెలిసిన జాతి గనుక మనకు వేరే వివరణ అక్కరలేదు. నిప్పు తగలదు, కాబట్టి మందు ఎగిరిపోదు. పులుపు పుడుతుంది, కాబట్టి ఉన్న మందు త్వరగా నశించదు. ఈ కారణాలేవీ తెలియకుండానే, డచ్చి నావికులు ఈ పులిసిన క్యాబేజీ తిని ఆంగ్లేయులకంటె ఆరోగ్యంగా ఉంటున్నారని లిండ్ గమనించాడు.

1768లో జేమ్స్ కుక్ ఎండీవర్ నౌకలో దక్షిణ సముద్రాలకు బయలుదేరినప్పుడు 7,860 పౌండ్ల సౌర్‌క్రౌట్ వెంట తీసుకుపోయాడు. అంటే మూడున్నర టన్నులకు పైమాటే. తీరా చూస్తే నావికులు దానిని ముట్టుకోలేదు. ఉప్పు మాంసానికి, ఎండు రొట్టెకు అలవాటు పడిన నాలుకలకు ఈ పరదేశపు పుల్లకూర ఎలా ఎక్కుతుంది? కుక్ వారిని కొరడాతో బెదిరించలేదు. ప్రతిదినం తన బల్లమీదకు, అధికారుల బల్లమీదకు దానిని వడ్డింపజేశాడు. నావికులకు మాత్రం తింటే తినండి, లేకుంటే మానండి అని వదిలేశాడు. పెద్దలు తింటున్నారని చూడగానే దాని విలువ పెరిగిపోయింది. వారం తిరగకముందే, పీపాలు ఖాళీ అవుతాయన్న భయంతో మనిషికింత అని కట్టడి చేయవలసి వచ్చిందని అతడు 1769 ఏప్రిల్ నాటి దినచర్యలో రాసుకున్నాడు. మన పెళ్ళిపంక్తిలో పక్కవాడి ఆకులోని వంటకాన్ని చూసి మారు అడిగే మనస్తత్వమే ఇది. ఎండీవర్ యాత్రలో స్కర్వీతో ప్రాణాలు పోలేదు. తరువాత బటావియాలో మలేరియా, విరేచనాలు ఎందరినో బలిగొన్నాయి. అది వేరే కథ.

ఇక్కడితో కథ సుఖాంతం కావలసింది. కాలేదు. కుక్ తన ఓడలో సౌర్‌క్రౌట్ ఒక్కటే పెట్టలేదు. మొలకెత్తించిన బార్లీ కషాయం, చిక్కబరచిన మాంసరసం, దొరికిన ప్రతి రేవులోనూ తాజా ఆకుకూరలు, ఓడ శుభ్రత అన్నీ కలిపి ప్రయోగించాడు. వీటిలో ఏది పనిచేసిందో విడదీసి చూసే వీలు లేకపోయింది. 1776లో రాయల్ సొసైటీ అతడికి కోప్లీ పతకం ప్రకటించినప్పుడు, ఆ సభాధ్యక్షుడు సర్ జాన్ ప్రింగిల్ తాను ముందునుండి నమ్ముతున్న బార్లీ కషాయాన్నే అందలమెక్కించాడు. ఆ కషాయంలో స్కర్వీని ఆపే గుణం లేనట్టే. ఆంగ్ల నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం పంచడం 1795 వరకు మొదలుకాలేదు. కళ్ళముందు కనిపిస్తున్న సమాధానాన్ని పెద్దమనిషి అభిమాన సిద్ధాంతం కప్పివేయడం వలన ఆ నడుమ ఎన్ని ప్రాణాలు పోయాయో! కేటో దగ్గర కూడా ఇదే జబ్బు చూశాం. తేడా ఏమంటే కేటో తన ఇంటివారికే వైద్యం చేశాడు.

ప్రయోగశాలలోకి క్యాబేజీ ప్రవేశించినది 1907లో. నార్వే రాజధానిలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు గినీ పందులకు కేవలం ధాన్యం పెట్టి చూస్తే వాటికి స్కర్వీ వచ్చింది. తాజా క్యాబేజీ పెడితే రాలేదు. ఇందులో అదృష్టం పాలు ఎంతో ఉన్నది. ఎలుకలు, కుక్కలు మొదలైన చాలా జంతువులు ఆ మందును తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. అది చేతగాని కొద్ది ప్రాణులలో మనిషి ఒకడు, గినీ పంది ఒకటి. ఎలుకలతో ప్రయోగం చేసి ఉంటే ఏమీ బయటపడేది కాదు. 1918లో మేరియన్ డెల్ఫ్ అనే ఆంగ్ల మహిళ ఇంకొక అడుగు ముందుకు వేసి, క్యాబేజీని వేర్వేరు వేడిమిలో, వేర్వేరు సమయాలు ఉడికించి ఎంత శక్తి మిగులుతుందో కొలిచారు. ఉడకబెడితే చాలా భాగం పోతోంది. ఎండబెట్టిన క్యాబేజీలో మిగిలేది మరీ తక్కువ. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. సైనికులకు ఎండు కూరలు మూటగట్టి పంపుతున్న రోజులు. ఈ కొలతల విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

1928లో హంగరీ దేశస్థుడు సెంట్ జ్యోర్జి జంతువుల గ్రంథుల నుండి, నారింజ రసం నుండి, క్యాబేజీ రసం నుండి ఒకే తెల్లని పదార్థాన్ని వేరు చేశాడు. అదేమిటో తెలియక, నాకు తెలియదు అన్న అర్థం వచ్చేటట్లు ఒక కొంటె పేరు పెట్టబోతే పత్రికా సంపాదకుడు ఒప్పుకోలేదు. దేవుడికే తెలుసు అన్న అర్థంతో మరొకటి పంపాడు, అదీ ఒప్పుకోలేదు. 1932 నాటికి ఆ పదార్థమే స్కర్వీని ఆపే విటమిన్ సి అని రుజువయింది. ఎంత కావాలి అన్న ప్రశ్నకు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో షెఫీల్డు నగరంలో జవాబు దొరికింది. యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించిన యువకులు స్వచ్ఛందంగా నెలల తరబడి విటమిన్ సి లేని ఆహారం తిని, ఒంటిమీద గాయాలు చేయించుకొని, అవి మానకపోవడాన్ని భరించారు. రోజుకు 10 మిల్లీగ్రాములు ఇస్తే చాలు, స్కర్వీ మానింది. మంచి ఆరోగ్యానికి అంతకంటె ఎక్కువ కావాలనుకోండి, కాని ప్రాణం నిలిపే మోతాదు అదే. వాళ్ళు చేసినది కూడా యుద్ధమే అని నాకు అనిపిస్తుంది.

కొలబద్ద చేతికి వచ్చింది గనుక ఇప్పుడు మన అంగడి అర దగ్గరకు తిరిగి వెళ్ళవచ్చు. ఈ అంకెలు అమెరికా వ్యవసాయ శాఖవారి పట్టికలలోనివి. అన్నీ నూరు గ్రాముల పచ్చి ఆకుకు లెక్క. విటమిన్ సి పచ్చ క్యాబేజీలో సుమారు 37 మిల్లీగ్రాములు, ఎర్రదానిలో 57, సవాయ్‌లో 31, చైనా క్యాబేజీలో 27. ఎర్రదానిదే పైచేయి. పైగా దాని రంగుకు కారణమైన ఆంథోసయనిన్లు పచ్చదానిలో లేనేలేవు. ఆ రంగు పులుపు తగిలితే ఎర్రబడి, సోడా ఉప్పు తగిలితే నీలమై ఆకుపచ్చకు తిరుగుతుంది. పాఠశాలల్లో పిల్లలకు చూపే ఈ వేడుక అందరికీ తెలిసినదే. ఇక్కడితో ఆపితే నేను ఆవిడకు చెప్పిన సమాధానం నిజమే. కాని తరువాతి వరుస చూడండి. రక్తం గడ్డకట్టడానికి, ఎముకలకు అవసరమైన విటమిన్ కె పచ్చదానిలో 76 మైక్రోగ్రాములు. ఎర్రదానిలో అందులో సగం మాత్రమే. ఫోలేటు సవాయ్‌లో 80, చైనా క్యాబేజీలో 79, పచ్చదానిలో 43, ఎర్రదానిలో కేవలం 18 మైక్రోగ్రాములు. సున్నం చైనా క్యాబేజీలో 77 మిల్లీగ్రాములు. తక్కినవాటిలో దాదాపు సగమే. పీచు సవాయ్‌లో ఎక్కువ.

ఫోలేటు అన్న మాట వచ్చినప్పుడు తెలుగువాడు ఒక్క క్షణం ఆగక తప్పదు. గర్భిణులకు, రక్తహీనులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తన కుటుంబాన్ని, తనను పీడించిన స్ప్రూ వ్యాధికి ఆ మందే పనిచేయడం ఆయన జీవితంలోని ఒక న్యాయం. ఆ తూకపురాయి వేస్తే రంగులేని క్యాబేజీలే పైకి వస్తాయి, అందమైన ఎర్రది అట్టడుగున నిలుస్తుంది.

అయినా అంకెలతో ఈ కథ తేలలేదు. ఏ పట్టికలోనూ కనబడని ఒక వర్గం పదార్థాలు క్యాబేజీలో ఉన్నాయి. కేటో నాలుకకు తగిలిన ఘాటు అదే.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వేరే జబ్బు మీద పరిశోధనకు కుందేళ్ళను పెంచుతూ, వాటికి ప్రధానంగా క్యాబేజీయే మేతగా వేసేవారు. వాటి గొంతులు వాచిపోయాయి. అది గళగండం. చెస్నీ బృందం 1928లో ఈ సంగతి ప్రకటించింది. క్యాబేజీ కుటుంబపు మొక్కలలోని గంధక సమ్మేళనాలు విరిగినప్పుడు పుట్టే కొన్ని పదార్థాలు, థైరాయిడు గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడతాయని తరువాత తెలిసింది. థైరాయిడు ఉన్నవాళ్ళు క్యాబేజీ ముట్టకూడదన్న మన ఇళ్ళలోని భయానికి మూలం ఇదే. కాని ఆ కుందేళ్ళకు రోజూ క్యాబేజీయే ప్రాణాధారం. అయోడిన్ చాలినంత అందుతూ, ఉడికించిన క్యాబేజీ మామూలుగా తినే మనిషికి ఆ ప్రమాదం లేదు.

తరువాత అరవై నాలుగేళ్ళకు, 1992లో, అదే జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ తలాలే బృందం బ్రోకలీ నుండి సల్ఫరఫేన్ అనే పదార్థాన్ని వేరు చేసింది. విషపదార్థాలను విరిచి బయటకు నెట్టే ఎంజైములను అది శరీరంలో మేల్కొలుపుతుందని నిరూపించింది. ఆశ్చర్యమేమంటే ఇదీ ఆ గంధక కుటుంబానిదే. ఒకే విశ్వవిద్యాలయం, ఒకే మొక్కల వంశం, ఒకసారి దోషి, ఒకసారి రక్షకుడు! దీనిని పట్టుకొని క్యాబేజీ క్యాన్సరుకు మందు అని ప్రచారం చేసేవారిని నమ్మవద్దని మనవి. రక్షణ ఉండవచ్చునన్న సూచనలున్నాయి. మందు అనడానికి మాత్రం ఆధారం లేదు. 1949లో కాలిఫోర్నియా వైద్యుడు గార్నెట్ చెనీ, కడుపుపుండుతో బాధపడే పదమూడు మందికి రోజుకు సుమారు లీటరు పచ్చి క్యాబేజీ రసం తాగించి పుండ్లు త్వరగా మానాయని ప్రకటించాడు. అందులోని గుణానికి విటమిన్ యూ అని పేరు కూడా పెట్టాడు. అది విటమిన్ కాదని తేలింది. 1982లో మార్షల్, వారెన్ అనే ఆస్ట్రేలియా వైద్యులు కడుపులో ఒక సూక్ష్మజీవిని పట్టుకొన్న తరువాత, ఆ పుండ్లలో అత్యధిక భాగానికి కారణం అదేనని స్థిరపడింది. క్యాబేజీకి ఇటువంటి కీర్తులు వచ్చి పోతూనే ఉంటాయి.

కాబట్టి ఘాటు దగ్గరే నిలబడదాం. అసలు రహస్యమేమంటే, ఆ ఘాటు ఆకులో సిద్ధంగా ఉండదు. గంధక సమ్మేళనాలు కణంలో ఒక మూల, వాటిని విరిచే మైరోసినేజ్ అనే ఎంజైము వేరొక మూల విడివిడిగా ఉంటాయి. కత్తిపడినప్పుడో, పురుగు కొరికినప్పుడో, మనం నమిలినప్పుడో ఆ గోడలు కూలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది ఘాటు. ఎంజైము వేడికి నశిస్తుంది. గడ్డను తరిగీ తరగగానే మరిగే నీళ్ళలో పడవేసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే, ఎర్రదైనా పచ్చదైనా చాలా వరకు పోయినట్టే. విటమిన్ సి కొంత వేడికి నశించగా కొంత నీళ్ళతో వెళ్ళిపోతుంది. తరిగి కొంతసేపు అలా ఉంచి, తక్కువ నీళ్ళతో తక్కువసేపు మగ్గనిస్తే చాలా మిగులుతుంది. అంటే రకానికి రకానికి మధ్య ఉన్న తేడాకంటె వంటకు వంటకు మధ్య ఉన్న తేడా పెద్దది. ఆకు నూరమన్నాడు, పచ్చిగా వెనిగరుతో తినమన్నాడు కేటో. కారణం తెలియదు గాని, చేయి సరైన చోటే పడింది.

ఈ ఘాటు బంధుత్వం మన వంటింటి దాకా వస్తుంది. జపానులో పుట్టి పెరిగిన కొరియా సంతతి శాస్త్రజ్ఞుడు ఊ జాంగ్‌చూన్, జపాను ఉచ్చారణలో నగహరు ఊ, 1935లో ఈ వంశవృక్షాన్ని విప్పిచూపాడు. మన క్యాబేజీది ఒక జాతి. చైనా క్యాబేజీది, టర్నిప్పుది మరొక జాతి. నల్ల ఆవాలది ఇంకొకటి. ఈ మూడూ రెండేసి చొప్పున సంకరమై మరో మూడు జాతులు పుట్టాయి. చైనా క్యాబేజీ జాతి, నల్ల ఆవాల జాతి కలిసి పుట్టినవే మన పోపుల డబ్బాలోని ఆవాలు. అంగడిలో పక్కపక్కనే పెట్టిన పచ్చ క్యాబేజీకి చైనా క్యాబేజీ పినతల్లి బిడ్డ వంటిదైతే, ఆవగింజకు అది సాక్షాత్తు తల్లి! రాణి మిన్ హత్యలో ప్రమేయమున్నదన్న నిందతో కొరియా విడిచి పారిపోయి, 1903లో తానూ హత్యకు గురైన వ్యక్తి ఈయన తండ్రి. కొడుకు మాత్రం 1950లో ఆ దేశానికే తిరిగి వెళ్ళి, యుద్ధంలో విత్తనాలు కరవైన రైతులకు క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు అభివృద్ధి చేసి ఇచ్చి, 1959లో అక్కడే కన్నుమూశాడు. నేటి కిమ్చీ వెనుక ఆయన ఋణం ఉన్నది.

మన ప్రాంతానికి క్యాబేజీ విదేశీయుల వెంట వచ్చిన కూర. అందుకే తద్దినాల వంటలో నేటికీ దానికి ప్రవేశం లేదు. అయితే ఆ పరదేశిని మనవాళ్ళు ఏం చేశారో చూడండి. సన్నగా తరిగి, పసుపు వేసి కొద్దిగా ఉడికించి, పోపు పెట్టి, పొయ్యి మీద నుండి దించి, వేడి తగ్గాక పచ్చి ఆవపిండి ముద్ద కలిపారు. ఆవపెట్టిన కూర. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే ఘాటు చచ్చిపోతుందని మా అమ్మమ్మ కోప్పడేది. 2018లో ఇంగ్లాండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఉడికించిన బ్రోకలీ మీద ఆవపిండి చల్లి కొందరికి పెట్టి, చల్లకుండా పెట్టినప్పటితో పోల్చి చూశారు. ఉడకడంలో నశించిన ఎంజైము స్థానాన్ని ఆవపిండిలోని ఎంజైము భర్తీ చేసి, సల్ఫరఫేన్ నాలుగు రెట్లకు పైగా ఒంటికి పట్టిందని తేలింది. వారు పరీక్షించినది బ్రోకలీని, మన క్యాబేజీ కూరను కాదు. అయినా రెండూ ఒకే జాతి గనుక, అమ్మమ్మ కోపంలో అర్థం లేకపోలేదని నాకు నమ్మకం కలిగింది.

ఆ పెద్దావిడ మళ్ళీ కనబడితే చెప్పాలని రెండు ఆదివారాలుగా అదే వేళకు అంగడికి వెళుతున్నాను. ఇంకా కనబడలేదు.